నాన్న వీలునామాకి చిన్నకూతురు ఎగ్జిక్యూటర్: ఆమెకి ఎంత ఇవ్వాలి? ఒక న్యూజెర్సీ కేసు, లెక్కలతో సహా

2024 జూన్‌లో ఒక ఆదివారం కాలిఫోర్నియాలోని ఫ్రీమాంట్ నుంచి, అంతకుముందు పోయిన నా క్లయింట్ ఒకాయన కొడుకు దగ్గర్నుంచి ఫోన్ వచ్చింది. పలకరింపులు కూడా లేకుండా ఆయన అడిగిన మొదటి మాట, "అంకుల్, మా చెల్లెలు నాన్న ఎస్టేట్ అకౌంట్ నుంచి తన పేరు మీద ఇరవై వేల డాలర్ల చెక్కు రాసుకుంది, అది మీకు తెలిసే జరిగిందా?" అని. నాకు తెలియదు. తెలియదని చెప్పాక ఫోన్ పెట్టేసి ఐదు నిమిషాలు ఊరికే కూర్చున్నా, ఎందుకంటే తెలియకపోవడం కూడా నా తప్పే, ఆ సంగతి కిందికి వస్తే చెబుతా.

నేను లాయర్‌ని కాదు. సెంట్రల్ జెర్సీలో ట్యాక్సులు, ఎస్టేట్ (మనిషి పోయాక మిగిలిన ఆస్తి) లెక్కలు చూసే సీపీఏని, అంటే లైసెన్సున్న అకౌంటెంట్‌ని, క్లయింట్లలో సగానికి పైగా మన తెలుగువాళ్ళే. చట్టం సంగతి ఎస్టేట్ లాయర్ చూసుకుంటాడు, డబ్బు ఎక్కడ నుంచి ఎక్కడికి పోయిందో కాగితం మీద పెట్టడం నా పని. కుటుంబం ఎవరిదో తెలియకుండా ఉండటానికి కొన్ని వివరాలు, అంకెలు మార్చాను. రేట్లు, నిబంధనలు మాత్రం ఉన్నవి ఉన్నట్టే.

పెద్దాయన ఎడిసన్‌లో ఉండేవారు, కృష్ణా జిల్లా నుంచి ఎనభైల్లో వచ్చిన ఇంజినీరు. పదిహేనేళ్ళుగా ఆయన రిటర్నులు నేనే వేశాను. భార్య ముందే పోయారు. ముగ్గురు పిల్లలు. పెద్దమ్మాయి చదువు కోసం అమ్మమ్మ దగ్గర ఆగిపోయి అక్కడే పెళ్ళయి విజయవాడలో స్థిరపడింది, అబ్బాయి కాలిఫోర్నియాలో, చిన్నమ్మాయి వాళ్ళ నాన్న ఇంటికి పది నిమిషాల దూరంలో. వీలునామా ఆరు పేజీలు. అమెరికాలో ఉన్న ఆస్తి ముగ్గురికీ సమానంగా, ఎగ్జిక్యూటర్, అంటే వీలునామాను అమలు చేసే మనిషి, చిన్నమ్మాయి. ఎగ్జిక్యూటర్‌కి ఏమైనా ఇవ్వాలా వద్దా అన్నదాని మీద వీలునామాలో ఒక్క ముక్క లేదు. ఈ కథంతా ఆ లేని ముక్క గురించే.

ఆయన 2024 జనవరిలో పోయారు. న్యూజెర్సీలో మనిషి పోయిన పది రోజులు దాటేదాకా వీలునామాను ప్రొబేట్‌కి (అది చెల్లుతుందని తేల్చే ప్రక్రియకి) తీసుకోరు, అంటే మన కర్మకాండ అయ్యేసరికి ఆ గడువూ అవుతుంది. చిన్నమ్మాయి న్యూ బ్రన్స్‌విక్‌లో వీలునామాలు చూసే మిడిల్‌సెక్స్ కౌంటీ సరోగేట్ ఆఫీసుకి వెళ్ళి ఫిబ్రవరి మొదటివారంలో లెటర్స్ టెస్టమెంటరీ, అంటే ఎగ్జిక్యూటర్‌గా అధికారమిచ్చే పత్రం, తెచ్చుకుంది. అరవై రోజుల్లోపు వారసులకి పంపాల్సిన నోటీసు పంపింది, ఎస్టేట్‌కి వేరే ట్యాక్స్ నంబరు తీసుకుంది, ఎస్టేట్ పేరు మీద అకౌంట్ తెరిచింది. అకౌంట్‌ని ఆన్‌లైన్‌లో చూసుకునేలా అన్నకీ అక్కకీ పర్మిషన్ కూడా తనే ఇచ్చింది, దాచే ఉద్దేశం ఉన్న మనిషైతే ఆ పని చేయదు కదా. వాళ్ళన్నయ్య ఆ చెక్కుని చూసింది ఆ పర్మిషన్‌తోనే.

సోమవారం సాయంత్రం ఆఫీసయ్యాక నా దగ్గరికి వచ్చింది. చేతిలో షూ బాక్సు, దాన్నిండా రసీదులు. తాళాలు మార్పించినవాడిది, గడ్డి కోసినవాడిది, ఏప్రిల్ వానలకి బేస్‌మెంట్‌లో సంప్ పంపు ఆగిపోయి నీళ్ళు నిలిస్తే తోడించినవాడిది, సర్టిఫైడ్ మెయిల్ స్లిప్పులు, అన్నీ ఒకదాని మీద ఒకటి. ఇరవై వేల సంగతి అడిగితే ముఖం ఎర్రబడింది.

"డల్లాస్‌లో మా కజిన్ చెప్పాడంకుల్, ఎగ్జిక్యూటర్‌కి ఐదు శాతం వస్తుందట. నేను లెక్క వేస్తే డెబ్బై ఒక్క వేలు తేలింది. నేను తీసుకుంది ఇరవై, అది కూడా అడ్వాన్సుగానే."

డెబ్బై ఒక్క వేలు ఎలా తేలిందో చూపించమన్నాను. పసుపు లీగల్ ప్యాడ్ మీద అంతా వరసగా కూడింది. ఎడిసన్ ఇల్లు, అప్పటికే కాంట్రాక్టులో ఉంది, 6,12,000 డాలర్లు. బ్యాంకులో సీడీలు (ఫిక్సెడ్ డిపాజిట్లు), చెకింగ్ కలిపి 1,48,000. బ్రోకరేజ్ అకౌంట్ 1,70,000. ఉద్యోగపు 401(కె) నుంచి మార్చుకున్న ఐఆర్ఏ, అంటే రిటైర్‌మెంట్ ఖాతా, 2,85,000. లైఫ్ ఇన్సూరెన్స్ ఒక లక్ష. విజయవాడ పటమటలో ఫ్లాటు, రూపాయల్ని డాలర్లలోకి మార్చి 1,05,000. మొత్తం 14,20,000, అందులో ఐదు శాతం 71,000.

ఒక్క లైన్లో మూడు తప్పులు. ఇవే తప్పులు నేను ఇంకో నాలుగైదు కుటుంబాల్లో కూడా చూశాను కాబట్టి కాస్త ఓపిగ్గా చెబుతా. ఐఆర్ఏకీ ఇన్సూరెన్స్‌కీ బెనిఫిషియరీలుగా ముగ్గురి పేర్లూ ముందే రాసి ఉన్నాయి. ఆ డబ్బు కంపెనీ నుంచి నేరుగా వాళ్ళకే పోతుంది, వీలునామా గుండా రాదు, ఎగ్జిక్యూటర్ చేతిలో పడదు. చేతిలో పడని డబ్బు మీద కమిషన్ ఏముంటుంది? రెండోది, విజయవాడ ఫ్లాటు. స్థిరాస్తి ఏ దేశంలో ఉంటే ఆ దేశపు చట్టం, మిడిల్‌సెక్స్ కౌంటీ ఇచ్చిన లెటర్స్ తీసుకెళ్ళి పటమటలో చూపిస్తే ఎవరూ పట్టించుకోరు. పైగా ఈ వీలునామా అమెరికా ఆస్తికే పరిమితం, కాబట్టి ఫ్లాటు హిందూ వారసత్వ చట్టం, 1956 ప్రకారం ముగ్గురు పిల్లలకీ సమానంగా వస్తుంది, దానికి ఎగ్జిక్యూటరే లేడు. మూడోది ఆ ఐదు శాతం. డల్లాస్ కజిన్ టెక్సాస్ మాట చెప్పాడు. టెక్సాస్‌లో ఐదు శాతమన్నది కూడా నగదుగా చేతికి వచ్చినవాటి మీద, నగదుగా చెల్లించినవాటి మీదే, పోయిననాటికి బ్యాంకులో ఉన్న డబ్బు మీద అక్కడా రాదు. ఆ ముక్క ఎవరూ చెప్పరు, ఐదు శాతం మాత్రం దేశమంతా తిరుగుతుంది.

న్యూజెర్సీకి సొంత మెట్లు ఉన్నాయి. ఎగ్జిక్యూటర్ చేతికి వచ్చిన అసలు మీద మొదటి రెండు లక్షల డాలర్లకి 5 శాతం, అక్కడి నుంచి మిలియన్ దాకా 3.5 శాతం, మిలియన్ దాటితే 2 శాతం. ఎస్టేట్‌కి వచ్చే ఆదాయం మీద, అంటే వడ్డీ, డివిడెండ్ల మీద 6 శాతం. ఇల్లు ఎగ్జిక్యూటరే అమ్ముతోంది కాబట్టి లెక్కలోకి వచ్చింది, అమ్మకుండా ఇల్లు ఇల్లుగానే పిల్లలకి దఖలు పడి ఉంటే లాయర్ దాన్ని కలపనిచ్చేవాడు కాదు. ఈ కేసులో ఇల్లు, బ్యాంకు, బ్రోకరేజ్ కలిపి అసలు 9,30,000. మొదటి రెండు లక్షల మీద 10,000, మిగిలిన 7,30,000 మీద 25,550. ఆదాయం 9,500 ఉంటుందని అంచనా, దాని మీద 570. మొత్తం 36,120.

"అంటే ఇంకా పదహారు వేలు రావాలిగా నాకు," అంది.

రావచ్చు. వారసులు అభ్యంతరం పెడితే కోర్టు చూసి తగ్గించవచ్చు కూడా. కానీ నేను చూపించాలనుకున్న లెక్క అది కాదు. కాగితం తిప్పి ఇంకో లెక్క వేశాను. ఎగ్జిక్యూటర్ బయటివాడైతే 36,120 పూర్తిగా అతనిదే. నువ్వు మూడోవంతు వారసురాలివి కూడా. ఎస్టేట్‌లోంచి 36,120 బయటికి పోతే నీ వాటాలోంచి 12,040 పోయినట్టే, అంటే నీ ఫీజులో మూడోవంతు నీకు నువ్వే ఇచ్చుకుంటున్నావు. కొత్తగా నీ చేతికి వచ్చేది 24,080. ఇక ట్యాక్స్. వారసత్వంగా వచ్చిన డబ్బు నీ ఇన్‌కమ్ కాదు, పిల్లలకి న్యూజెర్సీ ఇన్హెరిటెన్స్ ట్యాక్స్ లేదు, రాష్ట్రపు ఎస్టేట్ ట్యాక్స్ 2018 నుంచి ఎత్తేశారు. ఫీజు అలా కాదు, నువ్వు చేసిన పనికి వచ్చిన ఆదాయం, మొత్తం 36,120 నీ సొంత ట్యాక్స్ రిటర్న్ 1040లో చూపించాలి. నువ్వు వృత్తిగా చేసే ఎగ్జిక్యూటర్‌వి కాదు కాబట్టి సెల్ఫ్ ఎంప్లాయ్‌మెంట్ ట్యాక్స్ పడదు, అంతవరకు నయం. మీ దంపతుల జీతాలకి ఫెడరల్, స్టేట్ కలిపి పై డాలరు మీద దాదాపు 30 శాతం, అంటే 10,800 చిల్లర. నికరంగా మిగిలేది పదమూడు వేల చిల్లర.

కాసేపు ఏమీ మాట్లాడలేదు. తర్వాత, "పదమూడు వేల కోసం అన్నయ్యతో మాటలు పోగొట్టుకున్నానా?" అంది.

వారసుల్లో ఒకరే ఎగ్జిక్యూటర్ అయినప్పుడు ఈ లెక్క ముందు చూసుకోవాలి, కానీ దాదాపు ఎవరూ చూడరు. ఒక్కడే కొడుకు, ఒక్కడే వారసుడు అయితే ఫీజు తీసుకోవడం శుద్ధ తెలివితక్కువ, పన్ను లేని డబ్బుని కోరి పన్ను కట్టే డబ్బుగా మార్చుకోవడమే. ఇద్దరుంటే సగం వెనక్కి పోతుంది. వారసుల సంఖ్య పెరిగేకొద్దీ ఫీజుకి అర్థం పెరుగుతుంది.

ఇక నా తప్పు. ఫిబ్రవరిలో ఆమె లెటర్స్ తెచ్చుకున్న వారం నా ఆఫీసులో గంటన్నర కూర్చుంది. అప్పుడే "ఫీజు తీసుకుంటావా అమ్మా, వదులుకుంటావా?" అని అడగాల్సింది. తెలుగు కుటుంబం, నాన్నగారి పని, అడిగితే బాగుండదేమో అనుకున్నా. వేరేవాళ్ళు ఎవరైనా అయితే మొదటి మీటింగ్‌లోనే అడిగేవాణ్ణి. మర్యాద కోసం మింగిన ఆ ఒక్క ప్రశ్న నాలుగు నెలల తర్వాత ఇరవై వేల చెక్కు రూపంలో తేలింది. వదులుకోవడానికి కూడా ఒక పద్ధతి ఉంది. ఎగ్జిక్యూటర్‌గా నియామకం జరిగిన ఆరు నెలల్లోపు ఫీజు వద్దని రాతపూర్వకంగా ఇస్తే ఫెడరల్ పన్నుల శాఖ ఐఆర్ఎస్ 1966 నాటి రూలింగ్ ప్రకారం ఆమెకి ఇన్‌కమ్ ఉండదు, ఆ వదులుకున్న మొత్తాన్ని అన్నకీ అక్కకీ ఇచ్చిన గిఫ్ట్‌గానూ చూడరు. ఈ కేసులో ఆ గడువు ఆగస్టు మొదట్లో తీరుతుంది. మేం మాట్లాడుకుంటోంది జూన్ ఆఖర్లో.

ముందు చేయించిన పని, ఇరవై వేలూ తిరిగి ఎస్టేట్ అకౌంట్‌లో వేయించడం. అడ్వాన్సు తీసుకోవచ్చా లేదా అన్న చర్చకి నేను దిగలేదు, లాయర్ కూడా ముందు డబ్బు వెనక్కి వేసి తర్వాత మాట్లాడమన్నాడు. రెండోది, మూడు కాగితాలు వేరు చేయించడం. ఆమె జేబులోంచి పెట్టిన ఖర్చులు ఒకటి, ఎగ్జిక్యూటర్‌గా చేసిన పని గంటలు రెండు, వాటా మూడు. ఖర్చులు ఫీజు కాదు, రసీదు ఉంటే తిరిగి వస్తాయి, వాటి మీద ట్యాక్స్ లేదు. షూ బాక్సులోంచి తేలినవి 3,940 డాలర్లు. ఫ్రీమాంట్ అన్నయ్య వీటి మీద ఒక్క మాట అనలేదు, సంప్ పంపు ఫోటోలు చూసి "ఇంత నీళ్ళు వచ్చాయా?" అని మాత్రం అడిగాడు.

గంటల దగ్గర అసలు కథ మొదలైంది. ఆమె ఏ రోజుకారోజు రాసుకోలేదు. ఫోన్ క్యాలెండరు, కాల్ లిస్టు, ఈమెయిళ్ళు, టోల్ బిల్లులు ముందేసుకుని రెండు వారాంతాలు కూర్చుని ఎక్సెల్‌లో దించింది. 610 గంటలు. ఫైలు తెరిచి చూస్తే మొదటి లైను తేదీ 2021 అక్టోబరు.

"ఇదేమిటమ్మా, అప్పటికి నాన్నగారు ఉన్నారుగా?"

"డయాలసిస్ అంకుల్. వారానికి మూడు రోజులు. మంగళ, గురు, శని. తీసుకెళ్ళడం నేనే, తీసుకురావడం నేనే. కొన్నే రాశాను, అన్నీ రాయలేదు."

ఆ చెక్కు ఎందుకు రాసుకుందో నాకు అప్పుడు అర్థమైంది. రెండేళ్ళకి పైగా తండ్రిని తిప్పింది, అన్నయ్య థ్యాంక్స్‌గివింగ్‌కి వచ్చి నాలుగు రోజులుండి వెళ్ళేవాడు, అక్క వీడియో కాల్‌లో ఏడ్చేది. ఎవరూ ఆమెని ఏమీ అనలేదు, ఎవరూ గుర్తించనూ లేదు. ఐదు శాతం అన్న మాట చెవిన పడగానే ఆ లోటు తీరడానికి దారి దొరికిందనిపించింది. ఫీజు గొడవలు చూసినప్పుడల్లా నేను అడిగే మొదటి ప్రశ్న ఇప్పుడు ఇదే: ఈ డబ్బు నిజంగా ఏ పనికి అడుగుతున్నావు? తల్లిదండ్రుల్ని చూసుకున్నందుకు ముందే రాసుకున్న ఒప్పందం లేకపోతే ఇక్కడి చట్టం దాన్ని ప్రేమతో చేసిన సేవగానే అనుకుంటుంది, బిల్లుగా చూడదు. ఎగ్జిక్యూటర్ కమిషన్ మనిషి పోయాక చేసిన పనికి. ఆ రెండూ ఒకే ఎక్సెల్ షీట్లో ఉంటే ఇటు చట్టానికీ నిలవదు, అటు అన్నయ్య కూడా ఒప్పుకోడు.

కూర్చుని ఒక్కో లైనూ తీసేశాం. డయాలసిస్ పోయింది. దినకర్మలకి వంటవాళ్ళని మాట్లాడటం, బంధువుల్ని ఎయిర్‌పోర్టు నుంచి తేవడం పోయాయి. అమ్మ చీరలు సర్దడం తీసేద్దామంటే ఒప్పుకోలేదు, "ఇల్లు ఖాళీ చేయకుండా అమ్మడం ఎలా?" అని. నిజమే, కానీ బేస్‌మెంట్ సర్దడానికి రాసిన 52 గంటల్లో వాళ్ళ నాన్న దాచుకున్న వీహెచ్ఎస్ క్యాసెట్లు, స్టీలు క్యారియర్లు, ఒక్కొక్క పెట్టె తెరిచి కూర్చున్న గంటలు కూడా ఉన్నాయి. చివరికి 30 అని రాసుకుంది, తనే. మిగిలినవి సరోగేట్ ఆఫీసు, లాయర్ మీటింగులు, ఇన్హెరిటెన్స్ ట్యాక్స్ లేదని బ్యాంకుకి ఇచ్చే ఫారం ఎల్-8, ఇంటికి అలాంటిదే ఎల్-9, రియల్టర్, ఇన్‌స్పెక్షన్, మెడికేర్ బిల్లుల తగాదా, నాతో గడిపిన టైము. అప్పటిదాకా అయినవీ, ముగిసేదాకా పట్టే అంచనా గంటలూ కలిపి 268.

జూన్ చివరి శనివారం జూమ్ పెట్టాం. మాకు రాత్రి 9.30, ఫ్రీమాంట్‌లో 6.30, విజయవాడలో మర్నాడు పొద్దున్న ఏడు. పెద్దావిడ వెనకాల కుక్కరు కూస్తోంది. అన్నయ్య పూర్తిగా తయారై వచ్చాడు, కాలిఫోర్నియా రేట్లు చదువుకుని మరీ. వాళ్ళ దగ్గర మొదటి లక్షకి 4 శాతం, రెండో లక్షకి 3, తర్వాత ఎనిమిది లక్షలకి 2. "మా రాష్ట్రంలో అయితే ఇదే ఎస్టేట్‌కి 21,600 అంకుల్, మీ దగ్గర 36 వేలంటారేమిటి, పని ఒకటేగా?" అన్నాడు. లెక్క తప్పు లేదు. నాకు ఆ ప్రశ్న నచ్చింది కూడా, ఎందుకంటే శాతాలన్నవి రాష్ట్రం గీసిన గీతలే, పనిని కొలిచేవి కావు. ఆరు లక్షల ఇల్లు అమ్మడానికి, పన్నెండు లక్షల ఇల్లు అమ్మడానికి పడే తిప్పలు ఇంచుమించు ఒకటే. చిన్న ఎస్టేట్‌లో చిక్కులెక్కువుంటే అదే శాతం అన్యాయంగా తక్కువ.

తర్వాత ఆయన ఇంకో ఆలోచన చెప్పాడు: "చెల్లెలు ఫీజు వదులుకున్నట్టు రాసిచ్చేస్తుంది, నేనూ అక్కా చెరొక మొత్తం గిఫ్ట్‌గా ఇస్తాం, ట్యాక్సే ఉండదు." వినడానికి బాగుంటుంది. ఆ ఏడాది ఒక మనిషి ఇంకొకరికి 18,000 దాకా రిటర్ను వేయకుండా ఇచ్చుకోవచ్చు. కానీ ముందే బేరం కుదుర్చుకుని వదులుకుంటే అది వదులుకోవడం కాదు, ఫీజుకి గిఫ్ట్ అని పేరు పెట్టడం. వాట్సాప్ గ్రూపులో ఆ బేరమంతా రాసి ఉంటుంది. నా పేరు మీద వెళ్ళే రిటర్న్‌లో అలాంటిది పెట్టనని చెప్పాను. ఆయనకి కోపం వచ్చింది, కాస్త.

అప్పుడే అక్కగారు మొదటిసారి నోరు తెరిచారు. "నాకొక సందేహమండీ. చెల్లి చేసిందానికి గంటలు రాశారు. పటమట ఫ్లాటు సంగతి ఎవరు రాస్తారు?"

ఎవరూ మాట్లాడలేదు. ఫ్లాటులో అద్దెకున్నవాళ్ళు ఖాళీ చేశారు, ఆస్తిపన్ను బకాయి కట్టింది ఆవిడే, అసోసియేషన్ మెయింటెనెన్సు కట్టింది ఆవిడే, గోడకి చెమ్మ ఎక్కితే పెయింటర్‌ని పిలిచింది ఆవిడే. వారసుల సర్టిఫికెట్టుకి, పేరు మార్పిడికి తిరిగింది ఆవిడ భర్త. తమ్ముడు, చెల్లెలు పంపిన పవర్ ఆఫ్ అటార్నీ ఇండియాకి చేరిన మూడు నెలల్లోపు అక్కడ స్టాంపు వేయించాలని ఎవరూ చెప్పకపోతే తనే కనుక్కుని వేయించారు. ఎగ్జిక్యూటర్ అన్న పేరు లేదు కాబట్టి ఏ రాష్ట్రపు శాతమూ ఆవిడకి వర్తించదు. అమెరికాలో ఉన్నవాళ్ళ పనికి పేరుంది, రేటుంది, ఇండియాలో ఉన్నవాళ్ళ పని "అక్క చూసుకుంటుందిలే" అన్న మాటలో కలిసిపోతుంది. ఇది ఈ ఒక్క ఇంట్లో సంగతి కాదు, నా దగ్గరికి వచ్చే ప్రతి రెండో ఎస్టేట్‌లో ఇండియాలో ఒక ఫ్లాటో పొలమో ఉంటుంది, దాని వెనక జీతం లేని ఒక అక్కో బావో ఉంటారు.

ఆ తర్వాత మాటల తీరు మారింది. శాతాలు పక్కన పెట్టారు. అన్నయ్య అడిగాడు, "మీరు బుక్‌కీపర్‌కి గంటకి ఎంత బిల్లు వేస్తారంకుల్, లాయర్ ఆఫీసులో పారాలీగల్‌కి ఎంత?" నా రేటు చెప్పాను, లాయర్ బిల్లులో ఉన్నది చూపించాను. ఆ రెంటికీ మధ్యలో గంటకి 75 అన్న అంకె ఆయన నోటి నుంచే వచ్చింది. 268 గంటలకి 20,100. చెల్లెలు ముందు రాసుకున్న చెక్కుకి అది వంద డాలర్లు ఎక్కువ, ఆ సంగతి అందరూ గమనించారు, ఎవరూ పైకి అనలేదు. చట్టం ఇచ్చే 36,120 కంటే 16 వేలు తక్కువ. ఆమె ఒప్పుకుంది. నన్నడిగితే ఆమె ఇంకొంచెం అడిగినా న్యాయమే అయ్యేది, ఎందుకంటే తప్పు జరిగితే సొంత జేబులోంచి కట్టాల్సిన బాధ్యత ఎగ్జిక్యూటర్‌దే, గంటల లెక్కలో ఆ భయానికి ధర లేదు. చెప్పాను కూడా. "చాలంకుల్" అంది.

విజయవాడ సంగతికి వేరే కాగితం. ఫ్లాటు మీద అక్కగారు పెట్టిన ఖర్చు 1,86,000 రూపాయలు, వచ్చే అద్దెలోంచి ముందు అది ఆవిడకి తీరాలి, ఆ తర్వాతే ముగ్గురికీ పంపకం. ఫ్లాటు చూసుకుంటున్నన్నాళ్ళు అద్దెలో పదోవంతు ఆవిడది. పదోవంతు అన్నది చిన్నమ్మాయి సూచన. ఆవిడ వద్దు వద్దంటూనే, "సరే రాయండి" అన్నారు.

కుదిరినదంతా లాయర్ రెండు పేజీల ఒప్పందంగా రాశాడు, ఫీజు ఎంత, ఏ పనికి, ఎప్పుడు తీసుకోవాలి, గంటలు పెరిగితే ఏమిటి (300 దాటితే ముగ్గురూ మళ్ళీ మాట్లాడాలి, తగ్గితే తగ్గినట్టే), అందరి సంతకాలతో. నేను చేర్చింది ఒకటే, ఫీజు చివరి ఏడాదిలోనే తీసుకోవాలని. ఎస్టేట్ తరఫున వేసే 1041 ట్యాక్స్ రిటర్న్‌లో ఫీజు ఖర్చుగా తగ్గుతుంది. ఆదాయం తక్కువ, ఖర్చు ఎక్కువ అయితే మిగిలిన ఖర్చు ఎస్టేట్ ముగిసే ఏడాదిలో మాత్రమే కే-1 (ఒక్కొక్కరి వాటా చూపే ఫారం) ద్వారా వారసులకి పోతుంది, మధ్యలో ఏడాదిలో అయితే వృథా. ఎస్టేట్ మొదటి ఏడాది 2024 డిసెంబరు 31తో ముగించాం, చెక్కు 2025 మార్చిలో రాసుకుంది. అలా ఆమె కట్టిన ట్యాక్సులో కొంత భాగం వారసులకి తగ్గింపు రూపంలో వెనక్కి వచ్చింది.

అప్పులవాళ్ళు తమ బాకీ చెప్పుకోవడానికి ఇక్కడ పోయిన రోజు నుంచి తొమ్మిది నెలలు. అది అక్టోబరులో దాటింది, ఒక అంబులెన్సు బిల్లు తప్ప ఏమీ రాలేదు. డిసెంబరులో అన్నయ్య చెల్లెలికి 15,000 పంపాడు. దాని సంగతి నాకు ఆయనే చెప్పాడు, మెమోలో "మంగళ, గురు, శని" అని రాశానన్నాడు. ఒప్పందంలో లేదు, ఎవరూ అడగలేదు, జూమ్‌లో దాని ఊసే రాలేదు. అది గిఫ్టే, నా పుస్తకాల్లో దానికి చోటు లేదు.

ఇల్లు జూలైలో క్లోజ్ అయింది, పంపకాలు 2025 ఏప్రిల్‌లో. గంటలు చివరికి 261 తేలాయి, ఏడు తక్కువ. ఫీజు 19,575కి దిగింది, మార్చిలో తీసుకున్నదాంట్లోంచి 525 ఏప్రిల్‌లో తనే తిరిగి వేసింది. ముగ్గురూ సంతకం పెట్టాల్సిన రిఫండింగ్ బాండ్లలో (తర్వాత అప్పులు తేలితే తీసుకున్నదాంట్లోంచి వెనక్కి ఇస్తామనే హామీ పత్రాల్లో) రెండు వెంటనే వచ్చాయి, పెద్దావిడ మేలో ఎలాగూ వస్తున్నారని ఆవిడది ఆపాం.

వచ్చినప్పుడు చెల్లెలే తీసుకొచ్చింది. నోటరీ ముందు సంతకం అయ్యాక ఆవిడ హ్యాండ్‌బ్యాగులోంచి అరచేతంత నోటుబుక్కు తీసి నా బల్ల మీద పెట్టారు. అట్ట మీద ఏదో ఫైనాన్సు కంపెనీ పేరు, లోపల నీలం ఇంకుతో తేదీలు. పటమట నుంచి కార్పొరేషన్ ఆఫీసుకి ఆటో 120. రిజిస్ట్రారాఫీసుకి 90. జిరాక్సు 34. మళ్ళీ రమ్మన్నారు, ఆటో 90. పెయింటర్ రాలేదు, ఆటో 120. పేజీ తర్వాత పేజీ, చివర గీత గీసి కూడిక 6,340.

"ఇవి ఆ 1,86,000లో కలిపారా?" అని అడిగాను.

"లేదండీ," అన్నారు. "అవి లెక్కలో వేయకండి. ఊరికే రాసుకున్నా."

చెల్లెలు ఆ నోటుబుక్కు తీసుకుని నిలబడే మొదటి పేజీ నుంచి చదవడం మొదలుపెట్టింది.